టెస్ట్ సిరీస్ యాప్‌కి విద్యార్థుల గ్రూపు: కీ గొడవలు, డౌట్లు, ర్యాంకులు ఎలా నడపాలి?

బ్రాడీపేట టెస్టులు
అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి గ్రూప్-2 (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలు), రైల్వే ఉద్యోగాల ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీ, ఇంజినీరింగ్, ఫార్మసీ సీట్ల ఈఏపీసెట్ అభ్యర్థులకు ఆన్‌లైన్ టెస్టులు పెట్టే చిన్న టీము మాది. యాప్ ఉంది, టెలిగ్రామ్ గ్రూపు ఒకటి, వాట్సాప్ గ్రూపులు నాలుగైదు ఉన్నాయి. ఆదివారం గ్రాండ్ టెస్ట్ (పూర్తి సిలబస్ మాక్) అవ్వగానే గ్రూపంతా కీ (సరైన సమాధానాల జాబితా) తప్పంటూ మెసేజ్‌లే. ఆ గోలలో అసలు డౌట్లు కొట్టుకుపోతున్నాయి. ర్యాంకు చూసుకుని కొంతమంది మళ్లీ రావడం లేదు. "రోజూ మోటివేషన్ పోస్టులు పెట్టండి, లైవ్‌లు పెట్టండి, గిఫ్టులు ఇవ్వండి" అని సలహాలు వస్తున్నాయి. ఈ పని దగ్గర్నుంచి తెలిసినవాళ్లు చెప్పండి: ముందు ఏది సరిచేయాలి?

ప్రశ్నల బల్ల
కీ. మిగతావన్నీ తర్వాత. టెస్ట్ సిరీస్ కొన్న అభ్యర్థి మీ దగ్గర కొనుక్కున్నది "ఈ సమాధానం కరెక్టు" అన్న నమ్మకాన్ని. అది పోయాక రోజూ పొద్దున్నే ఎన్ని స్ఫూర్తి వాక్యాలు పెట్టినా ఎవరూ చదవరు.

అభ్యంతరాలను గ్రూపులో మాట్లాడనివ్వకండి. వాటికి యాప్‌లో వేరే ఫారం ఉండాలి. అందులో నాలుగే గడులు: ప్రశ్న ఐడీ, మీ కీ చెప్పే ఆప్షన్, అభ్యర్థి చెప్పే ఆప్షన్, ఆధారం ఫోటో. ప్రశ్న నంబర్ అడగొద్దు, ఐడీ అడగండి. ప్రశ్నల వరుస ఒక్కొక్కరికి ఒక్కోలా మారుస్తున్నట్లయితే ఒకరి 47వ ప్రశ్న ఇంకొకరికి 112వది అవుతుంది. సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

టైము ముందే ప్రకటించండి. టెస్ట్ విండో మూసిన గంటలో ప్రాథమిక కీ, అక్కడి నుంచి 24 గంటలు అభ్యంతరాలకు, ఆపై 48 గంటల్లో తుది కీ. తుది కీతో పాటు వచ్చిన ప్రతి అభ్యంతరానికీ ఒక వాక్యం కారణం రాయాలి. ఒప్పుకున్నవాటికే కాదు, తిరస్కరించినవాటికీ. తిరస్కరించిన వాటికి కారణం రాయడమే ముఖ్యం, ఎందుకంటే మళ్లీ మళ్లీ వాదించేది అవి పెట్టినవాళ్లే.

ఇంకొకటి: ప్రశ్న రాసినాయన ఆ ప్రశ్న మీద వచ్చిన అభ్యంతరాన్ని తీర్పు చేయకూడదు. టీములో ఇద్దరే ఉంటే ఒకరి ప్రశ్నలు ఇంకొకరు చూడండి. అభ్యంతరం ఒప్పుకుంటే తీర్పులు మూడే రకాలు: కీ మారింది, రెండు ఆప్షన్లూ ఒప్పు, ప్రశ్న తొలగించాం. తొలగిస్తే మార్కు అందరికీ కలుపుతారా, మొత్తం మార్కుల్లోంచి తీసేస్తారా అన్నది టెస్టుకు ముందే రాసి ఉండాలి. టెస్ట్ అయ్యాక నిర్ణయిస్తే ఎవరికో ఒకరికి అనుకూలంగా చేశారంటారు.

బ్రాడీపేట టెస్టులు
మంచి మాట చెప్పారండీ. కానీ ఆధారం అడిగితే ఒకరు ఒక గైడు పేజీ, ఇంకొకరు ఇంకో గైడు పేజీ పెడుతున్నారు. రెండూ రెండు రకాలుగా ఉంటాయి. అప్పుడు? అభ్యంతరానికి కొంచెం ఫీజు పెడితే ఊరికే వచ్చేవి తగ్గుతాయా?

ప్రశ్నల బల్ల
ఫీజు వద్దు. జేఈఈ మెయిన్‌లో ప్రశ్నకు 200 రూపాయలు కట్టించుకుంటారు నిజమే, కానీ లక్షలమంది రాసే పరీక్ష అది. మీ దగ్గర అభ్యంతరం అంటే ఉచితంగా వచ్చే ప్రూఫ్ రీడింగ్. ఆధారం ఫోటో తప్పనిసరి చేస్తే చాలు, ఊరికే పెట్టేవి వాటంతటవే తగ్గుతాయి.

ఆధారాలకు వరుస పెట్టుకోండి. రాజ్యాంగం, చట్టం, జీవోలు, బడ్జెట్, సామాజిక ఆర్థిక సర్వే మొదటి వరుస. తెలుగు అకాడమీ, ఎన్‌సీఈఆర్‌టీ, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు రెండోది. గైడ్లు, యూట్యూబ్ నోట్స్ ఆధారం కిందకే రావు. ఈ వరుసను కూడా పిన్ చేయండి.

ఎక్కువ గొడవలు ఎక్కడ పుడతాయో ఒక ఉదాహరణ. ఇంగ్లీషులో "ఆంధ్ర స్టేట్ మొదటి ముఖ్యమంత్రి" అని రాసి, తెలుగులోకి మార్చేటప్పుడు "ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి" అని పెట్టారనుకోండి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కి నీలం సంజీవరెడ్డి. రెండు పేర్లూ ఆప్షన్లలో ఉంటాయి. ఇంగ్లీషు చదివినవాడు ప్రకాశం పంతులు పెడతాడు, తెలుగు చదివినవాడు సంజీవరెడ్డి పెడతాడు, ఇద్దరిదీ కరెక్టే. అసలు పరీక్షల్లో తేడా వస్తే సాధారణంగా ఇంగ్లీషు వెర్షన్నే ప్రామాణికంగా తీసుకుంటారు కాబట్టి ఆ రూలు చూపించి తెలుగు మీడియం పిల్లల నోరు మూయించొచ్చు. అలా చేయొద్దు. తప్పు అనువాదంలో ఉంది, అనువాదం మీది. రెండూ ఒప్పు అని ప్రకటించి తెలుగు వాక్యం సరిచేయండి.

ఇలాంటి జంటలు బోలెడు: హైకోర్టు గుంటూరులో ఉన్న రోజులు, అమరావతికి వచ్చిన రోజులు, కృష్ణా మీద పాత ఆనకట్ట 1855, ప్రకాశం బ్యారేజీ 1957. ప్రశ్న రాసేటప్పుడే "ఏ ఏడాది నాటి విషయం" అన్నది వాక్యంలో ఉండాలి. జిల్లాల సంఖ్య 13 అనుకుని రాసిన పాత ప్రశ్నలు ఇంకా చాలా ప్రశ్న బ్యాంకుల్లో తిరుగుతున్నాయి. 2022 ఏప్రిల్ 4నే అవి 26 అయ్యాయి, 2025 డిసెంబరు చివర్లో 28 అయ్యాయి. మారే అవకాశమున్న ప్రతి ప్రశ్నకూ "మళ్లీ చూడాల్సిన తేదీ" అని ఒక గడి పెట్టి, ఆ తేదీ దాటితే టెస్టులోకి ఎక్కకుండా ఆపండి.

గోరంట్ల లెక్కలు
ఈఏపీసెట్ వైపు రెండు మాటలు. మ్యాథ్స్‌లో ఒక ఆప్షన్ 1/√2, ఇంకో ఆప్షన్ √2/2 ఉన్న ప్రశ్నలు వస్తుంటాయి, రెండూ ఒకటే. ఫిజిక్స్‌లో g విలువ 9.8 తీసుకోవాలా 10 తీసుకోవాలా ప్రశ్నలో చెప్పరు, ఆప్షన్లు మాత్రం రెండింటికీ దగ్గరగా ఉంటాయి. ప్రశ్న ఎక్కించే ముందు ఇంకొకరు కీ చూడకుండా పెన్ను పట్టుకుని చేయాలి. చదివితే దొరకవు ఇవి. 160 ప్రశ్నల పేపరుకి అలా చేయడానికి ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి.

అంకెలు టైపు చేసే ప్రశ్నలు పెడితే 0.5, .5, 0.50 మూడూ ఒకటిగా తీసుకునేలా చూడండి. వర్డ్ ఫైల్లోంచి కాపీ చేసిన కీలో మైనస్ గుర్తు వేరే క్యారెక్టర్‌గా వస్తుంది. పిల్లాడు −3 సరిగ్గా కొట్టినా తప్పు పడుతుంది. ఇలాంటిది ఒక్కటి జరిగినా ఆ వారమంతా ఆ మాటే.

అంకెల మనిషి
పిల్లలు చెప్పకముందే తప్పు కీ పట్టుకోవచ్చు. ప్రాథమిక కీ ఇవ్వడానికి ముందు ఆ గంటలో ఈ లెక్క వేయండి.

రాసినవాళ్లను మొత్తం మార్కుల ప్రకారం వరుస పెట్టి పై 27 శాతం, కింది 27 శాతం విడదీయండి. వెయ్యి మంది రాస్తే 270, 270. ఒక్కో ప్రశ్నకు పై గుంపులో సరిగ్గా చేసిన శాతంలోంచి కింది గుంపు శాతం తీసేయండి (30 శాతాన్ని 0.3గా రాస్తాం). మంచి ప్రశ్నకు ఇది 0.3 పైన ఉంటుంది. 0.2 కంటే తక్కువైతే ప్రశ్న మళ్లీ చదవాలి. మైనస్‌లోకి పోతే కీ మీద అనుమానం పడాలి.

ఉదాహరణకు పై 270లో 60 మంది, కింది 270లో 95 మంది "కరెక్టు" చేశారు. అంటే 0.22 తీసివేత 0.35, సుమారు మైనస్ 0.13. అప్పుడు పై గుంపు ఏ ఆప్షన్ పెట్టిందో చూడండి. 270లో 180 మంది ఒకే వేరే ఆప్షన్ మీద ఉంటే నూటికి తొంభై పాళ్లు మీ కీయే తప్పు. పై గుంపు రెండు ఆప్షన్ల మధ్య సగం సగం చీలితే ప్రశ్నలో రెండు సమాధానాలు ఉన్నాయని అర్థం. ఇందాక చెప్పిన ప్రకాశం, సంజీవరెడ్డి ప్రశ్న ఇక్కడ అలాగే కనపడుతుంది.

రెండు జాగ్రత్తలు. రాసినవాళ్లు రెండొందల లోపు ఉంటే ఈ అంకెల్ని సూచనగానే తీసుకోండి. టైము చాలక చివరి ప్రశ్నలు వదిలేసేవాళ్లు ఉంటారు కాబట్టి, ఆ ప్రశ్న ముట్టుకున్నవాళ్లనే లెక్కలోకి తీసుకోండి.

గవర్నర్‌పేట డీటీపీ
మీ ప్రశ్నలు ఎక్కడ టైపు అవుతున్నాయి? మన దగ్గర పాత మెటీరియల్ చాలా వరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో పేజ్‌మేకర్‌లో ఉంటుంది. అది యూనికోడ్‌లోకి మార్చాక కన్వర్టర్‌ని నమ్మి అలాగే ఎక్కిస్తే గుణకార గుర్తు, భాగహారం, వర్గమూలం తెలుగు అక్షరాలుగా మారిపోతాయి. వత్తులు పక్క అక్షరానికి పోతాయి. మార్చిన ఫైలుని ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు ప్రింటు చూడాలి. ఇంతకంటే దగ్గర దారి లేదు.

కంటికి కనపడని తప్పు ఒకటుంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు: ఒకే కోడ్‌గా, లేదా ఎత్వం, ఐత్వపు గుర్తు అని రెండు ముక్కలుగా. "కైలాసం" రెండు రకాలుగానూ తెర మీద ఒకేలా కనపడుతుంది, వెతికితే మాత్రం ఒకటి దొరకదు. అందుకే ఒకే ప్రశ్న బ్యాంకులో రెండుసార్లు ఎక్కి, రెండు కీలతో కూర్చుంటుంది. ఎక్కించేటప్పుడే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ (రెండు రకాలనూ ఒకే కోడ్‌గా మార్చడం) చేయించండి. "ఎక్స్‌ప్రెస్" లాంటి మాటల మధ్య ఉండే కనపడని విడదీత గుర్తుని వెతుకులాటలో పట్టించుకోకుండా చేయమనండి.

ఎనికేపాడు సర్వర్
ఆప్షన్ల వరుస కూడా ఒక్కొక్కరికి మారుస్తున్నారా? అయితే "పైవన్నీ", "1 మరియు 3 మాత్రమే", "ఏవీకావు" ఉన్న ప్రశ్నలకు వరుస మారకుండా ఆపే గుర్తు ఉండాలి. "పైవన్నీ" మొదటి ఆప్షన్‌గా వచ్చిన స్క్రీన్‌షాట్ గ్రూపులో పడితే దాన్ని ఎవరూ మర్చిపోరు. వివరణల్లో కూడా "ఆప్షన్ 2 ఎందుకు సరైనదంటే" అని రాయొద్దు, ఆప్షన్‌లోని మాటే రాయండి.

టైమరు ఫోను గడియారం మీద నడవకూడదు. మొదలైన సమయం, ముగిసే సమయం సర్వర్‌లో ఉండాలి. ప్రతి సమాధానమూ నొక్కిన వెంటనే ముందు ఫోనులో, తర్వాత సర్వర్‌లో సేవ్ అవ్వాలి. తక్కువ ధర ఫోన్లలో బ్యాటరీ ఆదా సెట్టింగు యాప్‌ని వెనక నుంచి చంపేస్తుంది, మధ్యలో ఫోన్ కాల్ వస్తుంది, కరెంటు పోతే వైఫై పోతుంది. తిరిగి తెరిస్తే ఆగిన ప్రశ్న దగ్గరే తెరుచుకోవాలి. పన్నెండు గంటలకు అందరి పేపర్లూ ఒకే క్షణంలో సబ్మిట్ అయ్యేలా రాస్తే సర్వర్ కూర్చుంటుంది. ఆటో సబ్మిట్‌ని ఒక్కో ఫోనుకి 0 నుంచి 20 సెకన్ల మధ్య ఎక్కడో ఒకచోట పడేలా చెదరగొట్టండి. సమాధానాలు అప్పటికే సేవ్ అయి ఉంటాయి కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

"సబ్మిట్ అవ్వలేదు సార్" అని గ్రూపులో వచ్చేవాటిలో చాలా భాగం ఇలాంటి కారణాల వల్లే.

పటమట అడ్మిన్
గ్రూపుల సంగతి నేను చెప్తాను. వాట్సాప్ గ్రూపులో 1024 మంది పడతారు, కానీ అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి. అమ్మాయిల నంబర్లకు తెలియనివాళ్ల మెసేజ్‌లు వెళ్తాయి, పోటీ కోచింగ్‌ల ఏజెంట్లు నంబర్లు దించుకుంటారు. మీ వాట్సాప్ గ్రూపుల్ని కమ్యూనిటీ కిందకి మార్చి, ప్రకటనల గ్రూపు ఒక్కటే ఉంచండి. అందులో సభ్యులకు ఒకరి నంబరు ఒకరికి కనపడదు. అక్కడికి వెళ్లాల్సినవి మూడే: టెస్టు టైము, కీ విడుదల, తుది ర్యాంకు.

చర్చ టెలిగ్రామ్‌లో. గ్రూపులో టాపిక్స్ ఆన్ చేసి పాలిటీ, ఏపీ చరిత్ర, ఎకానమీ, మెంటల్ ఎబిలిటీ, యాప్ సమస్యలు విడివిడిగా పెట్టండి. టెస్టు అయిన గంటలో స్లో మోడ్ (ఒకరి రెండు మెసేజ్‌ల మధ్య ఆగాల్సిన టైము) 1 నిమిషం, మిగతా రోజుల్లో 10 సెకన్లు. చేరినవాళ్లకు మొదటి మెసేజ్‌లోనే "సెట్టింగ్స్‌లో ఫోన్ నంబర్ ఎవరికీ కనపడకుండా పెట్టుకోండి" అని చెప్పండి. టెలిగ్రామ్‌లో అది అభ్యర్థి చేతిలోనే ఉంది.

టెలిగ్రామ్‌లో రోజూ క్విజ్ పోల్ పెట్టేటప్పుడు ఒకటి గమనించండి. ప్రశ్నకు 300 క్యారెక్టర్లు, ఆప్షన్‌కి 100, వివరణకు 200 మాత్రమే. తెలుగులో ప్రతి గుణింతం, ప్రతి వత్తు విడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం 6 క్యారెక్టర్లు. అంటే వివరణకు పాతిక మాటలకు మించి పట్టవు. గ్రూప్-2 తరహా జతపరచండి, వ్యాఖ్య-కారణం ప్రశ్నలు ఇందులో ఇమడవు, వాటిని యాప్‌లోనే ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం: పంపాక పోల్ మార్చలేరు. తప్పు కీతో పోతే అది తప్పుగానే ఉండిపోతుంది, తీసేసి మళ్లీ పెట్టాలి. అందుకే పోల్ పంపేవాడు కాక ఇంకొకరు టెస్ట్ ఛానెల్‌లో చూసి ఊఁ అన్నాకే పంపాలి.

గ్రూప్-2 అభ్యర్థి
పటమట అన్నా, వాట్సాప్‌లో చర్చ మొత్తం ఆపేస్తే ఒప్పుకోను. పల్నాడు, బాపట్ల వైపు ఊళ్లలో ఉండి ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు టెలిగ్రామ్ అలవాటు ఉండదు. ప్రకటనలతో సరిపెడితే వాళ్లకు డౌటు అడిగే చోటే ఉండదు.

అభ్యర్థి వైపు నుంచి చూస్తే గ్రూపులో కావాల్సింది కబుర్లు కాదు. పెట్టిన డౌటుకి ఎప్పటిలోగా జవాబు వస్తుందో తెలియాలి. "చూస్తాం" అంటే రాదనే లెక్క. రెండోది, తప్పు చేసిన ప్రశ్నకు మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో కూడా వివరణలో ఉండాలి. సరైనది ఎందుకు సరైనదో పుస్తకంలోనూ ఉంటుంది.

పటమట అడ్మిన్
న్యాయమే. వాట్సాప్ వాళ్లకు డౌటు పంపే బిజినెస్ నంబరు (మీ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఏపీఐ రకం) ఒకటి ఇవ్వండి. అభ్యర్థి మెసేజ్ పెట్టిన దగ్గర్నుంచి 24 గంటల లోపు ఎంతైనా మామూలుగా మాట్లాడొచ్చు. అది దాటితే ముందే ఆమోదం పొందిన టెంప్లేట్‌తోనే పంపాలి. కాబట్టి ఒక రోజులో జవాబివ్వడం మీకూ మంచిదే.

డౌటు పెట్టే తీరు ఇలా ఉంచండి: ప్రశ్న ఐడీ, నేను పెట్టింది, ఎందుకు పెట్టాను. మూడోది రాయనివాళ్లను అది అడిగాకే చెప్పండి. ఎక్కడ దారి తప్పారో తెలియకుండా చెప్పిన జవాబు వాళ్లకు పనికిరాదు. రాత్రి 9 లోపు వచ్చినవాటికి మర్నాడు ఉదయం 10కల్లా జవాబు అని హామీ ఇవ్వండి. చేయగలిగిందే హామీ ఇవ్వండి. గ్రూపులో మొదటి రెండు గంటలు తోటి అభ్యర్థులను చెప్పనివ్వండి, తర్వాత ఫ్యాకల్టీ వచ్చి సరైన జవాబుకి గుర్తు పెట్టాలి. గుర్తు పడని జవాబులు అలా వదిలేస్తే తప్పులే నోట్స్‌గా తిరుగుతాయి.

ఒకే ప్రశ్న మీద ఐదారు డౌట్లు వస్తే విడివిడిగా జవాబులు రాయడం ఆపి యాప్‌లో వివరణ తిరగరాయండి. "ఈ వివరణ మీ డౌట్ల వల్ల మారింది" అని కింద ఒక లైను వేయండి. గ్రూపు దేనికుందో అప్పుడు వాళ్లకు అర్థమవుతుంది.

అంకెల మనిషి
ర్యాంకు చూసి వెళ్లిపోతున్నారన్నారు. ర్యాంకు చూపించే తీరు మార్చాలి. "మీ ర్యాంకు 2,140" అంటే ఎంతమందిలో? ఎంతమంది రాశారో పక్కనే ఉండాలి. పర్సంటైల్ ఇస్తే ఇంకా మంచిది: 800 మంది రాస్తే మీతో సమానంగా గానీ తక్కువగా గానీ 720 మంది తెచ్చుకుంటే 90. జేఈఈ మెయిన్ లెక్క కూడా ఇదే తీరు. పేరుతో జాబితా మొదటి వంద మందికి చాలు, అదీ ముద్దుపేరు పెట్టుకునే వీలుతో. కింద ఉన్నవాళ్ల ర్యాంకు వాళ్లకు తప్ప ఎవరికీ కనపడకూడదు.

లీకు సంగతి కూడా ర్యాంకుకే ముడిపడి ఉంది. విండో రెండు రోజులు తెరిచి ఉంచితే మొదట రాసినవాళ్లు గ్రూపులో ప్రశ్నలు పెడతారు, సోమవారం రాసినవాళ్లకు మంచి ర్యాంకులొస్తాయి. ఆదివారం ఉదయం స్లాట్‌లో మొదటిసారి రాసిన మార్కులకే ర్యాంకు. తర్వాత రాసేవాళ్లకు "ఆదివారం రాసి ఉంటే ఇంత" అని అంచనా ర్యాంకు చూపించండి, జాబితాలో కలపొద్దు. ఆ స్లాట్ అయ్యేదాకా గ్రూపులో మెసేజ్‌లు మూసేయండి. ఇంటర్ రెసిడెన్షియల్ పిల్లలకు హాస్టల్లో ఫోన్ ఇవ్వరు, ఔటింగ్ దొరికినప్పుడే రాస్తారు. వాళ్లకు ఈ అంచనా ర్యాంకే దిక్కు, దాన్ని బాగా చేయండి.

ఫలితం పేజీలో ఇంకొకటి కలపండి. గ్రూప్-2 స్క్రీనింగ్ 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పుకి మూడో వంతు కోత. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్క ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిసి మిగతా మూడింట్లో పెడితే ప్రశ్నకు తొమ్మిదో వంతు మార్కు లాభం. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) టైర్-1లో 2 మార్కులకు అర మార్కే కోత కాబట్టి గుడ్డిగా పెట్టినా కొంచెం మిగులుతుంది. "తెలియనివి ముట్టుకోవద్దు" అని అన్ని పరీక్షలకూ ఒకే సలహా ఇచ్చే పోస్టులు ఆపేసి, ఎవరు ఎన్ని వదిలేశారు, ఎన్ని తప్పు పెట్టారు, ఏ సబ్జెక్టులో అన్నది వాళ్ల అంకెలతోనే చూపించండి. 30 ప్రశ్నల చొప్పున ఐదు భాగాలు కాబట్టి ఎక్కడ టైము పోతోందో కూడా విడిగా తెలుస్తుంది.

కానూరు ల్యాబ్
చిన్న సూచన. అసలు ఆర్‌ఆర్‌బీ, ఈఏపీసెట్, జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీద మౌసుతో రాయాలి. జేఈఈలో అంకెల జవాబు కూడా తెర మీది కీప్యాడ్ మీదే కొట్టాలి. మీ వాళ్లంతా ఫోనులో రాస్తున్నారు. బ్రౌజర్‌లో అదే తెర, అవే రంగులతో ఇచ్చి, పరీక్షకు ముందు రెండు మూడు గ్రాండ్ టెస్టులైనా ల్యాప్‌టాప్‌లోనో నెట్ సెంటర్‌లోనో రాయమనండి. "సమాధానమిచ్చి రివ్యూకి గుర్తు పెట్టినవి" జేఈఈ మెయిన్‌లో దిద్దుతారు. చాలామందికి ఈ సంగతి తెలియక చివరి నిమిషంలో గుర్తులు తీస్తూ కూర్చుంటారు.

లబ్బీపేట లాయరు
రేపు ఫలితాలొచ్చాక పోస్టర్లు వేస్తారు కాబట్టి ముందే చెప్తున్నాను. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కోచింగ్ ప్రకటనల మీద మార్గదర్శకాలిచ్చింది. అభ్యర్థి ఫోటో, ర్యాంకు వాడాలంటే ఎంపికయ్యాక రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. చేరేటప్పుడే సంతకం పెట్టించుకుంటే చెల్లదు. ఏ కోర్సు, ఎన్నాళ్లు, డబ్బు కట్టి చేరారా ఉచితమా అన్నది ఫోటో పక్కనే ఉండాలి. ఉచిత మాక్ ఒకటి రాసినవాణ్ణి "మా విద్యార్థి" అని వేస్తే ఇబ్బందే. "ఇంకా ఐదు సీట్లే" లాంటి తప్పుడు తొందర కూడా పనికిరాదు.

ఈఏపీసెట్ పిల్లల్లో చాలామంది 18 లోపు వాళ్లు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి నిర్ధారించుకోవాలి. వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. పుట్టినతేదీ, ఊరు, కులం, కాలేజీ అన్నీ ఫారంలో అడిగే అలవాటు మానేయండి. టెస్టు రాయడానికి ఫోను నంబరు, పరీక్ష పేరు, వయసు నిర్ధారణ చాలు.

పటమట అడ్మిన్
పరీక్ష దగ్గరపడే కొద్దీ గ్రూపులోకి "పేపర్ ఉంది, 5 వేలు" అనేవాళ్లు వస్తారు. మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసుకుని, తొలగించి, నిషేధించండి. ఎవరైనా డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. పేపరు లీకుల మీద కేంద్ర చట్టం 2024 జూన్ 21 నుంచి అమల్లో ఉంది, రాష్ట్రంలో 1997 చట్టం ఉంది. మీ గ్రూపులో అలాంటిది రోజంతా ఉండిపోతే మీకూ మంచిది కాదు.

ఫలితాల రాత్రి ఒకరు మేలుకుని ఉండాలి. "ఇక నా వల్ల కాదు" అని పెట్టేవాళ్లకు గ్రూపులో సలహాలు కురిపించొద్దు. విడిగా మాట్లాడి, టెలి మానస్ 14416 నంబరు ఇచ్చి, వాళ్ల దగ్గర ఎవరున్నారో కనుక్కోండి. ప్రాణాపాయం అనిపిస్తే 112. ఈ నంబర్లు ఎప్పుడూ పిన్ చేసి ఉండాలి, ఆ రాత్రి వెతుక్కునేలా ఉండకూడదు.

బ్రాడీపేట టెస్టులు
అందరికీ చాలా కృతజ్ఞతలండీ. గిఫ్టులు, లైవ్‌లు ప్రస్తుతానికి పక్కన పెట్టాం. వచ్చే ఆదివారానికి పిన్ చేయబోయే మెసేజ్ రాశాం, ఒకసారి చూడండి:

"ర్యాంకు ఆదివారం 9 నుంచి 12 వరకు స్లాట్‌లో మొదటిసారి రాసినవారికే. 12 వరకు గ్రూపు మూసి ఉంటుంది. మధ్యాహ్నం 1కి ప్రాథమిక కీ. అభ్యంతరాలు సోమవారం మధ్యాహ్నం 1 వరకు యాప్ ఫారంలో మాత్రమే, ఆధారం ఫోటోతో. గైడ్లు ఆధారంగా తీసుకోం. తొలగించిన ప్రశ్నకు అందరికీ మార్కు కలుస్తుంది. బుధవారం మధ్యాహ్నం 1కి తుది కీ, కారణాలతో. ఆ తర్వాత మా నిర్ణయమే ఫైనల్."

ప్రశ్నల బల్ల
బాగుంది. రెండు మార్పులు. "అందరికీ" అంటే ఆ స్లాట్‌లో రాసిన అందరికీనా, ఆ ప్రశ్న ముట్టుకున్న అందరికీనా? ఒక్క మాటలో తేల్చండి, లేకపోతే మొదటి తొలగింపు రోజే దీని మీద గొడవ. ఇక చివరి వాక్యం తీసేసి ఇలా పెట్టండి: "తుది కీ తర్వాత కూడా తప్పు రుజువైతే ప్రశ్నను, వివరణను సరిచేస్తాం. ర్యాంకులు మాత్రం మారవు." ర్యాంకు ఎక్కడో ఒకచోట ఆగాలి, దాన్ని ఎవరూ కాదనరు. తప్పు కీ మాత్రం బ్యాంకులో ఉండిపోకూడదు, తర్వాతి బ్యాచ్ కూడా అదే ప్రశ్న రాస్తుంది.

అంకెల మనిషి
తుది కీతో పాటు ఎవరి మార్కు ఎంత మారిందో వాళ్లకు విడిగా నోటిఫికేషన్ పంపండి: "ప్రశ్న ఐడీ 4417 కీ మారింది, మీ మార్కులు 81.33 నుంచి 82.67, ర్యాంకు 212 నుంచి 190." మూడో వంతు కోత ఉన్నచోట తప్పు ఒప్పయితే 1 కాదు, 1.33 పెరుగుతుంది. పాత మార్కు, కొత్త మార్కు రెండూ కనపడితే ఆ లెక్క ఎవరూ గ్రూపులోకి వచ్చి అడగనక్కర్లేదు. మార్కు తగ్గినవాళ్లకూ అదే మెసేజ్ వెళ్లాలి, కారణంతో సహా.